తలకు దెబ్బ తగిలితే కడుపు చూడమన్న డాక్టరమ్మ

1991వ సంవత్సరం జూలై 17వ తేదీ, బుధవారం, ముసురు పట్టి చెప్పులు బురదలో దిగబడుతున్న వేళ, డాక్టర్ నేలపూడి ఆశాజ్యోతి గారు మొగల్తూరు ప్రాంతంలో కాలువ గట్టు మీదున్న ఒక చిన్న పశువైద్యశాలలో వైద్యులుగా విధుల్లో చేరారు. నరసాపురంలో లూథరన్ బడి పిల్లలకు మూడు దశాబ్దాల పాటు అక్షరాలు దిద్దించిన ఐజాక్ మాస్టారి రెండో కుమార్తెగా జన్మించి, తిరుపతి పశువైద్య కళాశాలలో పట్టభద్రులై, ఇరవై ఎనిమిదో ఏట భుజాన గుడ్డ సంచితో ఆ గుమ్మంలో అడుగుపెట్టిన వారికి, అప్పటికే దూడలతో, మేకలతో బారులు తీరి ఉన్న రైతులు మర్యాదగా దారి ఇచ్చి, డాక్టరు గారు ఎప్పుడొస్తారని అడిగారట.

"వచ్చేశారండి. ముందుగా ఎవరి దూడండి?" అని వారు చీర కొంగు నడుముకు దోపారు.

ఆ వైద్యశాలలో సహాయకులుగా పనిచేసి, నేడు విశ్రాంత జీవితం గడుపుతున్న జీవరాజు గారు ఈ ముచ్చట చెప్పేటప్పుడు ఇప్పటికీ కుర్చీలోంచి లేచి నిలబడి చెబుతారు. ఆయన ఉత్సాహం అకారణం కాదు. ముప్పై నాలుగేళ్ల ఉద్యోగ జీవితంలో బదిలీలు, పదోన్నతులు, ప్రశంసాపత్రాలు అందరికీ ఉంటాయి. ఒకే ఒక్క ప్రశ్నను పట్టుకుని, ఊరూరా, దొడ్డిదొడ్డికీ తిరిగి, దానికి జవాబు రాబట్టి, ఆ జవాబును ఒక ప్రాంతపు వైద్యమంతటికీ అలవాటు చేసిన భాగ్యం ఏ కొందరికో దక్కుతుంది. ఆశాజ్యోతి గారికి ఆ ప్రశ్న ఒక పరాజయం రూపంలో ఎదురైంది.

1993వ సంవత్సరం వేసవి పంటైన దాళ్వా వరి కోతల కాలంలో వెంకటరాజు గారనే రైతు బండి కల్వర్టు దగ్గర పక్కకు ఒరిగి, కాడిలోని వలపటి ఎద్దు తల సిమెంటు దిమ్మెకు బలంగా కొట్టుకుంది. స్పృహ తప్పి పడిపోయిన ఆ ఎద్దుకు డాక్టరు గారు దగ్గరుండి వైద్యం చేశారు. మెదడు వాపు తగ్గేందుకు నాటి పద్ధతి ప్రకారం స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, నొప్పి తగ్గే మందులు ఇచ్చారు. మర్నాటికి ఎద్దు లేచి నిలబడింది. ఊరు ఊరంతా వారిని మెచ్చుకుంది. మేత మాత్రం ముట్టలేదు. తల కుదుటపడితే ఆకలి దానంతట అదే వస్తుందని వారు ధైర్యం చెప్పారు. ఐదో రోజున పేడ తారులా నల్లగా పడింది. ఆరో రోజు ఉదయం ఎద్దు నిలువునా కూలిపోయింది.

కారణం తెలుసుకోవాలని యజమాని అనుమతితో శవపరీక్ష చేసినప్పుడు, దెబ్బ తగిలిన తలలో నెత్తురు అప్పటికే గడ్డకట్టి ఉంది. ప్రాణం తీసింది అది కాదు. పశువుకుండే నాలుగు పొట్టలలో నాలుగోదాని గోడ మీద పుళ్లు పడి, వాటిలోంచి లోలోపలే నెత్తురు పోయింది. పక్కనే గొడుగు పట్టుకుని నిలబడిన వెంకటరాజు గారు నింద వేయలేదు, గొంతు పెంచలేదు.

"తలకి దెబ్బ తగిలితే కడుపులో పుళ్లేంటండి డాక్టరమ్మా?" అని మాత్రం అడిగారు.

తనకు తెలియదని వారు ఉన్నమాట చెప్పారు. ఆ మాట చెప్పాక రెండు రోజులు తనకు అన్నం సహించలేదని, ఆ ప్రశ్న చెవిలో జోరీగలా తిరిగిందని వారు తర్వాతి కాలంలో సహోద్యోగులకు శిక్షణ ఇచ్చేటప్పుడు దాపరికం లేకుండా చెప్పేవారు.

తమకు పాఠాలు చెప్పిన ఆచార్య భాస్కరం గారికి వారు ఉత్తరం రాశారు. మూడు వారాలకు నాలుగు పేజీల జవాబు వచ్చింది. తలకు పెద్ద దెబ్బ తగిలిన మనుషులకు కడుపులో పుళ్లు పడడం వైద్యులు ఎన్నడో గుర్తించారనీ, మెదడు అడుగు భాగం నుంచి బయలుదేరిన ఒక పొడవాటి నాడి మెడ మీదుగా దిగి పొట్టను కదిలిస్తుందనీ, మెదడు నలిగినప్పుడు ఆ నాడి అదుపు తప్పి పొట్టలో ఆమ్లం ఎక్కువై, కదలిక తక్కువైపోవచ్చుననీ, ఇక స్టెరాయిడ్ తోడైతే ఆ పుండు మరింత రేగుతుందనీ ఆచార్యులు వివరించారు. మన పల్లెల్లో దెబ్బ తిన్న పశువులను వరుసగా గమనించి రాసిపెట్టినవారు తనకు కనిపించలేదనీ, ఆ పని నువ్వెందుకు చేయకూడదమ్మా అనీ ముగించారు. నరసాపురం బస్టాండులో బల్ల మీద కూర్చుని ఆ ఉత్తరాన్ని మూడుసార్లు చదువుకునేలోగా డాక్టరు గారు ఎక్కవలసిన బస్సు వెళ్లిపోయింది, దాని తర్వాతిదీ వెళ్లిపోయింది. వారు ఎదుటి కొట్లో రెండు వందల పేజీల నోటుపుస్తకం ఒకటి కొని, అక్కడే గీతలు గీయడం మొదలుపెట్టారు. దెబ్బ ఏ రోజు తగిలింది, మొదటి ముద్ద ఏ రోజు తింది, నెమరు ఏ రోజు మొదలైంది, పేడ రంగేమిటి, ఎడమ డొక్క మీద పిడికిలి ఆనించి చూస్తే రెండు నిమిషాల్లో పెద్దపొట్ట ఎన్నిసార్లు కదిలింది.

ఆ గడులు నింపడం మొదలుపెట్టేముందు మరొక పని చేశారు. వెంకటరాజు గారి ఇంటికి నడిచి వెళ్లి, ఆయన ప్రశ్నకు జవాబు చెప్పారు. ఆ పుండు రేగడంలో తానిచ్చిన మందుకూ కొంత భాగం ఉండవచ్చునని కూడా చెప్పారు. తప్పు కప్పిపుచ్చుకోవడానికి వెయ్యి దారులున్న చోట, తప్పు చెప్పుకోవడానికి ఎండలో రెండు మైళ్లు నడిచిన ఆ యువ వైద్యురాలికి ఆ రైతు ముందుగా మంచినీళ్లు ఇప్పించారట.

"చెప్పడానికొచ్చారు చూడండి, అది చాలండి. మా దొడ్లో ఇంకేం జరిగినా మిమ్మల్నే పిలుస్తాను" అన్నారట. అన్నట్టుగానే పిలిచారు కూడా.

ఆ తర్వాతి తొమ్మిదేళ్లలో ఆ పుస్తకంలోకి అరవై మూడు ప్రాణులు ఎక్కాయి. లారీ తగిలిన ఆవులు, గోడ కూలిన మేకలు, పొట్లాటలో కొమ్ము విరిగిన దున్నలు, చెట్టు మీది నుంచి జారిన కోతి ఒకటి. దెబ్బ తిన్న పశువు మేత మానేసిందని మనమందరం ఒక్క మాటలో తేల్చేస్తాం. అందులో మూడు రకాలున్నాయని ఆశాజ్యోతి గారు తేల్చారు. కొన్నింటికి ఆకలి ఉంటుంది, నోటితో అందుకోలేవు, మింగలేవు. కొన్ని మింగగలవు, ఆకలే ఉండదు. మరికొన్ని తింటాయి, లోపలి పొట్ట కదలదు. మూడింటినీ ఒకే గాటన కట్టి, ఆకలి పుట్టే పొడి నాలుక మీద రాస్తే ఏం లాభమని వారు అడిగేవారు.

1998లో నరసాపురంలో టిఫిన్ హోటల్ నడిపే హరిబాబు గారి కుక్క వారికి ఇంకో వింత చూపించింది. మోటారుసైకిలు గుద్ది, తల అదిరి, వారంలో కోలుకున్న ఆ కుక్కకు కడుపు నిండడమనేదే లేకుండా పోయింది. ఇరవై ఇడ్లీలు తిని ఇరవై ఒకటో ఇడ్లీ కోసం వంటవాడి కాళ్లకు అడ్డం పడేది. యజమాని తల పట్టుకుంటే, వైద్యులు మాత్రం పట్టరాని సంతోషంతో జీవరాజు గారి వైపు తిరిగారు.

"చూశారా జీవరాజు గారూ, ఆకలి కడుపులో పుడుతుందనుకుంటాం. పుట్టేది ఇక్కడండి" అని తన నుదురు చూపించారు. తినమని చెప్పేదీ, చాలని చెప్పేదీ కూడా తలేనని, ఈ కుక్కకు చాలని చెప్పే చోట దెబ్బ తగిలిందని వివరించారు. గిన్నెతో కొలిచి రోజుకు నాలుగుసార్లు మాత్రమే పెట్టమని నియమం పెట్టారు. ఆ కుక్క అలాగే ఆరేళ్లు సుఖంగా బతికింది.

2003లో వారికి కోనసీమకు బదిలీ అయింది. సహోద్యోగులందరి నోటా నానిన సంఘటన ఆ మరుసటి ఏడాది డిసెంబరు ఆరో తేదీన జరిగింది. సంపూర్ణమ్మ గారు వ్యవసాయ కూలీ, భర్త కాలం చేశారు, ఇంటికి ఆధారం ఏడు నెలల చూడి గేదె. ఆ గేదె తల మీద కొబ్బరి గెల పడింది. పడిన గేదె సాయంత్రానికి లేచింది కానీ మెడ ఎడమకు వాలిపోయింది, కళ్లెదుట పచ్చగడ్డి పెట్టినా గోడను చూసినట్టు చూసింది. పరిచయమున్న ఒక సీనియర్ వైద్యులు, దాని మీద ఆశ పెట్టుకోవద్దని హితవు చెప్పారు. పశువుల బేరగాడు రెండుసార్లు వచ్చి గుమ్మం ముందు నిలబడి వెళ్లాడు. స్టెరాయిడ్ ఇస్తే కడుపులో పుండు రేగుతుంది, చూడి కూడా పోతుంది. ఇవ్వకపోతే తల వాపు ఎన్నాళ్లకు తగ్గుతుందో తెలియదు. ఆశాజ్యోతి గారు స్టెరాయిడ్ మానేసి, వాపు లాగే సెలైను, బి విటమిను ఇంజెక్షన్లు, కడుపు పుండు పడకుండా మందు మొదలుపెట్టి, సంపూర్ణమ్మ గారిని కూర్చోబెట్టి విషయమంతా చెప్పారు.

"దెబ్బ తల్లో ఉందమ్మా. అది మెల్లిగా మానుతుంది. ఈలోగా కడుపు చచ్చిపోకుండా మనం చూసుకోవాలి."

"ఎన్నాళ్లండి?"

"చెప్పలేనండి. నా పుస్తకంలో బతికినవాటికి పదహారు రోజుల కంటే ఎక్కువ పట్టలేదు."

సంపూర్ణమ్మ గారు గేదె మెడ నిమిరారు. "అయితే పదహారు దాకా చూద్దామండి. ఆ పైన దానిష్టం" అన్నారు.

రోజుకు రెండు పూటలు ముక్కులోంచి గొట్టం వేసి, తవుడు గంజి, నూరిన లేతగడ్డి రసం నేరుగా పొట్టలోకి పంపారు. డాక్టరు గారు గొట్టం పట్టుకుంటే సంపూర్ణమ్మ గారు గరాటు పట్టుకునేవారు. తొమ్మిదో రోజుకు మెడ కాస్త నిలబడింది, పేడ నల్లబడలేదు, కానీ పెద్దపొట్ట మూగబోయింది. పిడికిలి ఆనించి పది నిమిషాలు నిలబడినా చేతి కింద ఒక్క కదలిక లేదు. డాక్టరు గారు చేతులు కడుక్కుంటుంటే, సంపూర్ణమ్మ గారు సందేహిస్తూ నోరు విప్పారు.

"మా అమ్మ అయితే బాగున్న గేదె నెమరేసేటప్పుడు నోట్లోంచి ముద్ద లాగి, జబ్బు గేదె నోట్లో పెట్టేదండి. నవ్వకండి డాక్టరమ్మగారండి."

నవ్వడమా, వారు చేతిలోని సబ్బు వదిలేశారట. పెద్దపొట్టలో గడ్డిని పులియబెట్టేవి కంటికి కనిపించని కోట్ల కొద్దీ సూక్ష్మజీవులు, మేత లేక అవి చచ్చిపోతే పొట్ట మూగబోతుంది, ఆరోగ్యంగా ఉన్న పశువు నుంచి వాటిని తెచ్చి పోస్తే మళ్లీ ప్రాణం వస్తుంది. ఈ సంగతి వారు కళాశాలలో చదివారు, పరీక్షలో రాశారు, పదమూడేళ్లలో ఒక్కసారి కూడా చేయలేదు. చదువుకోని ఒక తల్లి చేసి చూపించిన వైద్యం తన సంచిలోనే ఉండి కూడా తనకు తట్టలేదని వారు అక్కడే ఒప్పుకున్నారు. పక్కింటి లలితాంబ గారు విశ్రాంత ఉపాధ్యాయిని, మంచి పాడిగేదె ఉన్నవారు. వెళ్లి సంగతి చెబితే ఆవిడ మడి బట్టతోనే పెరట్లోకి వచ్చి, తన గేదె తాడు తానే పట్టుకుని నిలబడ్డారు. గొట్టం వేసి, పంపుతో నాలుగు లీటర్ల రసం లాగి, గుడ్డతో వడగట్టి, వేడి చల్లారకముందే ఈ దొడ్లోంచి ఆ దొడ్లోకి పరుగున తీసుకెళ్లి పోశారు. మూడు రోజులు వరుసగా అదే పని.

ఆ మూడో రోజున వారికి చర్చిలో క్రిస్మస్ పాటల సాధన ఉంది. చేతులు ఎన్నిసార్లు కడిగినా పొట్టరసం వాసన పోలేదు. భర్త విజయ్ పాల్ గారు గణితోపాధ్యాయులు, గాయక బృందానికి పెద్ద. ఆయన భార్యను గుర్తుపట్టనట్టు నటించి, మధ్యలో నలుగురికి చోటు వదిలి నిలబడ్డారట. పాట సగంలో ఆ నలుగురూ కూడా ఒక్కొక్కరే జరిగిపోగా, డాక్టరు గారు ఆ వరుసంతా తమదే అయినందుకు ఇంకాస్త గొంతెత్తి పాడారని రూఢిగా తెలిసింది.

పదహారో రోజు వచ్చింది, గడిచింది. గేదె చూపు తేటపడింది గానీ నోరు తెరవలేదు. ఆశాజ్యోతి గారు ఆ సాయంత్రం ఇంటికి వచ్చి పుస్తకం తెరిచారు, ఏమీ రాయలేక మూశారు. పదిహేడో రోజు తెల్లవారి, వైద్యశాల తాళం తీస్తుండగానే ఫోను మోగింది. సంపూర్ణమ్మ గారు సెంటర్లోని కాయిన్ బాక్సు దాకా పరిగెత్తుకొచ్చి, ఆయాసంతో మాట్లాడుతున్నారు.

"డాక్టరమ్మగారండి, నెమరేత్తందండి."

వారు మోపెడ్ ఎంత వేగంగా నడిపారో ఆ రోడ్డు మీది గుంతలకే తెలియాలి. దొడ్లో అడుగుపెట్టేసరికి గేదె దవడలు నింపాదిగా, పక్కకు పక్కకు ఆడుతున్నాయి. వారు డొక్క మీద పిడికిలి ఆనించి, గడియారం చూస్తూ లెక్కపెట్టారు. ఒకటి. చాలాసేపటికి రెండు. అప్పటికి గుమ్మం ముందు బేరగాడి వ్యాను కూడా వచ్చి ఆగింది. సంపూర్ణమ్మ గారు అతని వైపు చూడనైనా చూడకుండా గుప్పెడు పచ్చగడ్డి గేదె మూతి దగ్గర పెట్టారు. గేదె వాసన చూసింది, నాలుక చాపింది, లాక్కుంది. గొట్టం పట్టీ పట్టీ కాయలు కాసిన చేతులతో డాక్టరు గారూ, ఆ కూలీతల్లీ ఒకరి భుజాలు ఒకరు పట్టుకుని, పేడలో నిలబడి, ఏడ్చారో నవ్వారో చూసినవాళ్లు ఇప్పటికీ తేల్చలేకపోతున్నారు. మార్చి నెలలో ఆ గేదె ఆడదూడను ఈనింది.

2007లో రాజమండ్రిలో జరిగిన పశువైద్యుల సమావేశంలో వారు తొలిసారిగా తమ పుస్తకంలోని వివరాలను చదివి వినిపించారు. సభలో ఒక పెద్దాయన లేచి, "గేదె తల గురించి చెప్పమంటే పేడ గురించి చెబుతున్నారేంటండి?" అని అడిగితే నవ్వులు వినిపించాయి.

"తల లోపల ఏం జరుగుతోందో నేను చూడలేనండి. పేడ చూడగలను. ప్రాణం పోయే ముందు రోజే అది నాకు చెబుతుంది. వినకపోతే ఏమవుతుందో నాకు ఒక ఎద్దు నేర్పింది" అని వారు నిదానంగా జవాబిచ్చారు. ఆపై సభలో నవ్వు లేదు. విరామంలో కాఫీ చల్లారిపోతున్నా వదిలేసి, పాతికమంది వారి చుట్టూ నిలబడి ఆ గీతల పుస్తకాన్ని తమ డైరీల్లోకి ఎక్కించుకున్నారు. ప్రశ్న అడిగిన పెద్దాయన అందరికంటే ముందున్నారు.

2013లో సహాయ సంచాలకులుగా పదోన్నతి పొంది వారు భీమవరం వచ్చారు. రొయ్యల చెరువులకు మేత, ఐసు మోసే బండ్లతో రోడ్లు కిక్కిరిసిన ఈ ప్రాంతంలో తలకు దెబ్బ తగిలిన పశువులకు కొదవ లేదు. వచ్చిన ఏడాదిలోనే వారు నాలుగే నాలుగు వాక్యాల కాగితం ఒకటి తయారుచేసి ప్రతి పశువైద్యశాల గోడకూ అంటింపించారు. తల దెబ్బకు మొదటి రోజే కడుపు చూడండి. మింగలేదా, ఆకలి లేదా, పొట్ట కదలదా తేల్చుకోండి. రోజూ పేడ రంగు రాయండి. పొట్ట మూగబోతే బాగున్న పశువు నుంచి రసం తెచ్చి పోయండి. పెద్ద పెద్ద మార్గదర్శకాలు ఫైళ్లలో నిద్రపోతుండగా, ఈ నాలుగు వాక్యాలు మాత్రం మన సిబ్బంది నోటికి వచ్చేశాయి. 2020లో ఉప సంచాలకులైన తర్వాత కూడా వారు ఏసీ గదిలో కంటే దొడ్లలోనే ఎక్కువ దొరికేవారు. సంతకం కావలసినవాళ్లు ఫైలు పట్టుకుని గేదెల మధ్య వెతుక్కునేవారు. అశ్రద్ధను వారు క్షమించేవారు కాదు. తెలియదని చెప్పినవారిని మాత్రం ఎన్నడూ కోప్పడలేదు.

గత సంవత్సరం పిఠాపురం నుంచి యువ వైద్యురాలు శ్రీసుధ గారు వీడియో కాల్ చేశారు. గేటు మీద పడి తల అదిరిన ఒక మేకపోతు నాలుగు రోజులుగా ఆకు ముట్టడం లేదు. ఆశాజ్యోతి గారు మీటింగు మధ్యలోంచి లేచి వచ్చి, ఫోను మేక మూతి దగ్గర పెట్టమన్నారు, ఆకు చూపించమన్నారు, మెడ మీద చేయి వేసి నీళ్లు తాగించమన్నారు. మేక ఆకు కోసం మెడ చాపడం, అందుకోలేకపోవడం చూసి, దానికి ఆకలుందమ్మా, నోరే మాట వినడం లేదు, మెత్తగా చేసి గొంతులో పెట్టు, వారంలో తానే అందుకుంటుంది అని చెప్పారు. ఐదో రోజుకే అందుకుంది. ఆ కబురు వచ్చినప్పుడు, అరవై ఒకటో ఏట, వారు వరండాలో నిలబడి చప్పట్లు కొట్టారు. మొదటి కేసు గెలిచిన విద్యార్థిని కూడా అంత సంబరపడదు.

మూడు దశాబ్దాల్లో ఆ పుస్తకాలు ఏడయ్యాయి. వాటిలో నాలుగు వందల పన్నెండు ప్రాణుల కథలున్నాయి. బతికినవాటి పక్కన తేదీ, బతకనివాటి పక్కన కారణం, కారణం తెలియనివాటి పక్కన ఖాళీ. ఆ ఖాళీలు నింపవలసినవారు మీరేనంటూ వారు ఆ ఏడు పుస్తకాలనూ నిన్నటి వీడ్కోలు సభలో శ్రీసుధ గారి చేతికి అప్పగించారు. తీసుకున్న ఆవిడ అక్కడే మొదటి పుస్తకం తెరిచి ఖాళీల కోసం వెతకడం ముందు వరుసలో కూర్చున్న వారందరం చూశాం.

ఈ అక్టోబరు 31వ తేదీన ఆశాజ్యోతి గారు పదవీ విరమణ చేస్తున్నారు. ఉభయ గోదావరి జిల్లాల్లో ఎన్ని మూగజీవాల ఆకలిని వారు తిరిగి తెచ్చారో లెక్కగట్టవచ్చు గానీ, ఆ తొందరలో తమ సొంత భోజనం ఎన్ని మధ్యాహ్నాలు నాలుగింటికి జరిగిందో, ఎన్నిసార్లు అసలు జరగనే లేదో విజయ్ పాల్ గారికి ఒక్కరికే తెలుసు. ఇకనైనా మిట్టమధ్యాహ్నం పన్నెండున్నరకు వారిద్దరూ ఒకే బల్ల దగ్గర ఎదురెదురుగా కూర్చోవాలని, వేడి అన్నంలోకి వేసవిలో కొత్తావకాయ, వానాకాలంలో పులస పులుసు ఆస్వాదించే ఆకలీ, అరిగించుకునే ఆరోగ్యమూ నిండుగా ఉండాలని, మధ్యలో ఏ ఊరి నుంచైనా ఫోను వస్తే ముద్ద పూర్తిచేశాకే ఎత్తాలని, అలాంటి కమ్మని మధ్యాహ్నాలు వారికి నూరేళ్ల వరకూ తరగకుండా లభించాలని, మన కార్యాలయ కుటుంబమంతా మనసారా కోరుకుంటున్నది.